చూసిన చోటే వెలుతురు

జూన్ 9

తొట్టత్తా,

నేనే, నీ మేనకోడల్ని. ఉత్తరం చూసి ఎవరో పోయారని కంగారు పడకు. అందరూ బతికే ఉన్నారు, అదే ఇక్కడి ప్రాబ్లం.

పరీక్షలయ్యేదాకా నా ఫోన్ అమ్మ బీరువాలో ఉంటుంది. చేతిలో ఉన్నా నీకు చేసి లాభం లేదు. నేను అరిస్తే నువ్వు తప్ప వీధంతా వింటుంది. నా తెలుగులో తప్పులుంటే సర్దుకో. మా స్కూల్లో తెలుగు మిస్ కూడా ఇంగ్లీషులోనే తిడుతుంది.

విషయం నువ్వు ఇచ్చిన చేపల తొట్టి గురించి. అడుగున్నర పొడవు, అడుగు ఎత్తు, ఎనిమిది బుల్లి చేపలు, కింద ఇసుక మీద కార్పెట్ మొక్కలు, పైన నువ్వే బిగించిన లైటు. ఆ లైటు చాలట్లేదు. నాకు బాగా తెలుసు, రోజూ స్కూల్ నుంచి రాగానే దాని ముందే కూర్చుంటాను. మధ్యలో ఒక ముక్క బాగా కనబడుతుంది. చుట్టూ డల్. సాయంత్రమైతే మరీ చీకటి. అక్కని అడిగితే "బాగానే వెలుగుతోంది కదే, కళ్ళు కనబడట్లేదా?" అంది. దాన్ని అడగడం నాదే తప్పు, అది ప్లాస్టిక్ పువ్వుకి నీళ్ళు పోసే రకం. నాన్న పేపర్ దించకుండా "ఊ" అన్నాడు. అమ్మకైతే ఆ తొట్టి తుడవాల్సిన ఇంకో సామాను, అంతే.

నాకొక్క సాయం చెయ్యి. ఆ లైటు బాలేదు, తప్పు లైటుదే అని ఒక్క లైను రాసి పంపు. తెలిసినదానివి నువ్వు రాస్తే నాకు భయం పోతుంది. ఏం భయం అని అడక్కు. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. చదివి చింపెయ్యి.

ఊరికే రాస్తున్న,
మహారాణి
(ఇంట్లో అందరూ నన్ను పిలిచే పేరు ఇదే కదా, నేనూ వాడుకుంటున్నా.)


జూన్ 16

మహారాణి వారి సముఖానికి,

చింపమన్నావు, చింపలేదు. ఇరవై ఏళ్ళుగా తొట్లు అమరుస్తున్నాను. హోటళ్ళలో, ఆస్పత్రుల్లో, బ్యాంకు మేనేజర్ల కుర్చీల వెనకాల. లైటు బాలేదని నా చేత సర్టిఫికెట్ రాయించుకోవాలని చూసినదానివి నువ్వొక్కదానివే. నేనేమన్నా సెలవు చీటీలు రాసే డాక్టర్నా? ఆ లైటు నా చేత్తో బిగించాను. దాన్ని అంటే నన్ను అన్నట్టే.

తివాచీ మొక్క సంగతి విను. తొట్టిలో అన్నిటికంటే కింద పాకేది అదే. వెలుతురు నీళ్ళలోంచి దిగి దిగి దాని దాకా వచ్చేసరికి సగం చచ్చి వస్తుంది. పైగా వెలుతురు బాగా కావలసిందీ దానికే. అందుకే నీలాంటి తెలిసీ తెలియనివాళ్ళు మొదట చంపేది దాన్నే. కానీ నోరు లేకపోయినా అది చెప్తుంది. వెలుతురు చాలకపోతే పడుకోదు, మెడ సాచి పైకి లేస్తుంది. ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరుగుతుంది, రంగు పాలిపోతుంది. చాలితే నేలకి అంటుకుని పక్కలకి పాకుతుంది. మొక్క అబద్ధం చెప్పదు. మనుషుల సంగతి నాకు తెలీదు.

కాబట్టి చూసి రాయి: రోజుకి ఎన్ని గంటలు వేస్తున్నావు? లైటు నీళ్ళకి ఎంత ఎత్తున ఉంది? మొక్కలు లేచాయా, పడుకున్నాయా?

ఇంకో మాట. మీ అక్క పుట్టినరోజుకి వచ్చినప్పుడు వరండాలో నీ పక్కనే నిలబడి చెయ్యి ఊపాను. గోడని దాటినట్టు దాటిపోయావు. మీ అమ్మ "దానికి పొగరు వదినా, పట్టించుకోకు" అని కాయితం మీద రాసి మరీ చూపించింది. పట్టించుకోలేదు. గుర్తు మాత్రం పెట్టుకున్నాను.

చెవులు పోయినా కళ్ళున్న
నీ మేనత్త


జూన్ 25

అత్తా,

సర్టిఫికెట్ ఇవ్వనందుకు థాంక్స్. ఇక నీ ఇన్‌స్పెక్షన్‌కి జవాబులు.

రోజుకి ఏడు గంటలు. నీళ్ళకి నాలుగు వేళ్ళ ఎత్తు. మొక్కలు పడుకునే ఉన్నాయి. లేవలేదు. తడిమి చూశాను, చాపలా ఉంది, మూలల దాకా పాకింది. అయినా లైటు చాలట్లేదు. నువ్వు పుస్తకంలో ఉన్నది చెప్తావు, నేను కళ్ళతో చూసేది చెప్తున్నా.

చేపలు కూడా నాలుగే కనబడుతున్నాయి. మిగతా నాలుగు చీకట్లో చచ్చాయేమో. అందుకే నేనే డెసిషన్ తీసుకుని లైటుని రెండు వేళ్ళ ఎత్తుకి దించాను. టైమ్ పన్నెండు గంటలకి పెంచాను. ఇప్పుడు కాస్త నయం.

నా పుట్టినరోజు కాదు కాబట్టి ఆ రోజు నాకు మూడ్ లేదు. నిన్ను చూశాను. చూసే మాట్లాడలేదు. సరేనా?

స్కూల్లో కూడా అందరూ అదే పాట. బస్సులో పక్కన కూర్చుంటే పలకరించనట, మిస్ ఎదురొస్తే గుడ్ మార్నింగ్ చెప్పనట. మా క్లాస్ అమ్మాయిలు చెయ్యి ఊపితే చాలు ఫ్రెండ్‌షిప్ అనుకుంటారు. చేతులు ఊపుకునేవాళ్ళతో నాకేం పని? ల్యాబ్‌కి దిగే మెట్ల దగ్గర బల్బు కాలిపోయి నెలయింది, అది మార్చే దిక్కు లేదు గానీ నాకు మర్యాద నేర్పుతారు. మొన్న అక్కడ రెండు మెట్లని ఒకటే అనుకుని దిగాను. మోకాలు చీరుకుంది. ఇంట్లో బాస్కెట్‌బాల్ అని చెప్పాను. నేను బాస్కెట్‌బాల్ మానేసి రెండేళ్ళయిందని వాళ్ళకి తెలీదు. ఇదీ ఎవరికీ చెప్పకు.

లైటు మార్చమని ఇప్పటికైనా రాయి, ప్లీజ్.

నీకు అబద్ధం చెప్పని
మహారాణి


జూలై 3

హంతకురాలికి,

మూడ్ లేదా? నేను రెండు బస్సులు మారి వచ్చాను, ఒడిలో నీళ్ళ సంచీలో నీకని ఎనిమిది చేపలు పెట్టుకుని. కండక్టర్ ఏదో అన్నాడు, నవ్వాను, తిట్టాడేమో తెలీదు. అలా తెచ్చినవాటిలో నాలుగింటిని నాలుగు నెలల్లో చంపి, చీకట్లో చచ్చాయని కబుర్లు చెప్తావా? చేపలకి చీకటి భయం లేదు. చచ్చిన చేప పైకి తేలుతుంది. ఆ మాత్రం చూసుకోలేవా? కళ్ళు కనబడట్లేదా?

మీ అమ్మ ఇవాళ మెసేజ్ పెట్టింది. చదువుకో: "వదినా, మీ తొట్టి దీపంతో మా హాలు సినిమా షూటింగ్‌లా ఉంది. కళ్ళు జిగేలుమంటున్నాయి. పైగా అద్దమంతా ఆకుపచ్చ బూజు." మరి నీకేమో చీకటి. ఒకే ఇల్లు, ఒకే హాలు, ఒకే లైటు. మీ ఇద్దరిలో ఒకరు నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు. మీ అమ్మకి అంత తెలివి లేదు.

మొక్కలకని విడిగా కార్బన్ డయాక్సైడ్ గ్యాసు పెట్టని చిన్న తొట్టికి ఏడెనిమిది గంటల వెలుతురు చాలు. పన్నెండు గంటలు వేస్తే మొక్క తినగా మిగిలింది నాచు తింటుంది. ముందు అద్దానికి పడుతుంది, తర్వాత ఆకులకి, తర్వాత తివాచీ మొత్తానికి. అప్పుడు మొక్క చచ్చేది చీకట్లో కాదు, వెలుతురులో. అద్దం మీద అంత నాచుంటే ఒక్క ముక్క రాయలేదేం? నీకు కనబడింది చీకటి, కనబడనిది నాచు. భలే చూపు.

లైటు పైకెత్తు. ఏడు గంటలకి దించు. మళ్ళీ నాకు రాయాలనుకుంటే నిజం రాయి, లేకపోతే స్టాంపు దండగ చెయ్యకు.

అత్త


జూలై 20

అత్తా,

చేపలు ఎనిమిదీ ఉన్నాయి. అక్క లెక్కపెట్టింది. "కుడిపక్క నాలుగున్నాయి చూడవే, ఎదురుగా" అని నా తల పట్టుకుని తిప్పింది. తిప్పితే ఉన్నాయి. నన్ను హంతకురాలు అన్నందుకు సారీ చెప్పాల్సింది నువ్వు, కానీ ఈ కుటుంబంలో ఎవరూ చెప్పరు.

లైటు ఎత్తాను. టైమ్ తగ్గించాను. మళ్ళీ చీకటి.

నిజం రాయమన్నావుగా, ఇది నిజం. నవ్వితే ఇంక నీతో జన్మలో మాట్లాడను. ఆ లైటు కదులుతోంది అత్తా. నేను మధ్యలో చూస్తే మధ్యలో వెలుతురు. మూల చూస్తే వెలుతురు మూలకి వస్తుంది, మధ్యలో పోతుంది. నేను ఎక్కడ చూస్తే అక్కడే గుండ్రంగా ఉంటుంది. ఒకసారి ప్లేటంత, సాయంత్రం అయితే సాసరంత. మొదట్లో ఇంకా పెద్దగా ఉండేదనుకుంటా. టైమర్‌లో లోపమా? అలా కదిలే లైట్లు వస్తున్నాయి కదా ఈ మధ్య? వస్తున్నాయని రాయి.

ల్యాబ్ మెట్ల మీద మళ్ళీ పడ్డాను. ఈసారి ఏడు మెట్లు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కావాలనే దూకినట్టు. చేతి మీద వాపుంది, ఫుల్ చేతులు వేసుకుంటున్నా. ఇంత ఉక్కలో ఫుల్ చేతులేంటి అని అమ్మ అడిగితే ఫ్యాషన్ అన్నాను. నమ్మింది. వీళ్ళని మోసం చెయ్యడం ఎంత ఈజీనో చూస్తే నాకే అసహ్యం వేస్తుంది.

లైటుదే కదా తప్పు? ఒక్క లైను, అత్తా.

నీ మేనకోడలు


జూలై 24

అమ్మడూ,

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. చదివి, ఉన్న ఇద్దరు కస్టమర్లని బయటికి పంపి షట్టర్ సగం దించాను.

ముందు వెటకారం కానిచ్చేస్తాను, అది లేకపోతే నా పెన్ను నడవదు. చూసిన చోటికల్లా వెనకాలే వచ్చే లైటు లోకంలో లేదు. ఉంటే అది లైటు కాదు, పెంపుడు కుక్క.

లైటు కదలదు. కదిలేది నీ చూపు.

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పెట్టాను. మొక్కలు పడుకుని ఉన్నాయి. నాచు పట్టింది. చేపలు ఎనిమిదీ ఉన్నాయి. మీ అమ్మ కళ్ళు జిగేలుమంటున్నాయి. ఆ తొట్టి లోపల వెలుతురు చాలనిది ఒక్కటీ లేదు. ఇక మిగిలింది తొట్టి బయట కూర్చున్న మనిషే. మొక్కల్ని తడిమి చూశానని రాసినప్పుడే నాకు తట్టాలి. గాజు తొట్టిలో ఉన్నదాన్ని ఎవరు తడిమి చూస్తారు? తట్టలేదు. నన్ను నేను గొప్ప తెలివైనదాన్ని అనుకుంటూ ఇరవై ఏళ్ళు బతికాను.

నా సంగతి చెప్తా. నాకు చెవులు తగ్గడం ఇరవై రెండో ఏట మొదలైంది. మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. తలూపడం నేర్చుకున్నాను. ఎవరేమన్నా తలూపి నవ్వేదాన్ని. ఒకాయన ఆఫీసులో ఉద్యోగానికి వెళ్ళాను, టైపింగ్ అనుకుని. ఆయన ఏదో అడిగాడు, తలూపాను. మర్నాడు వెళ్తే చేతికి బకెట్టు ఇచ్చాడు. "చేపల తొట్లు కడగడం వచ్చా?" అని అడిగాడట. అలా వచ్చాను ఈ వృత్తిలోకి. ఇది నేను అందరికీ చెప్పి నవ్వించే కథ.

నవ్వించనిది ఒకటుంది. మీ నానమ్మ ఆస్పత్రిలో ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. నేను తలూపాను. ఆమె స్థిమితంగా కళ్ళు మూసుకుంది. దేనికి ఒప్పుకున్నానో ఈ రోజుకీ తెలీదు. వినబడలేదమ్మా, మళ్ళీ చెప్పు అని ఉంటే సరిపోయేది. నా గుట్టు కాపాడుకున్నాను. అంతకంటే సిగ్గుమాలిన పని నేను చెయ్యలేదు.

నీకేమైందో నాకు తెలీదు. నేను తొట్లదాన్ని. చిన్నదో పెద్దదో చూసేవాళ్ళు చూసి చెప్పాలి. మీ అమ్మకి చెప్పు.

అత్త


ఆగస్టు 6

అత్తా,

నీ చెవుల కథ తీసుకొచ్చి నా కళ్ళకి అంటించకు. నాకేం కాలేదు. బోర్డు మీద చివరి లైను కూడా చదువుతాను. లైటు గురించి అడిగితే లైటు గురించి చెప్పడం రానిదానివి, డాక్టరమ్మలా మాట్లాడకు.

మీ అమ్మకి చెప్పు అంటావు. చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా? నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో నేను చూస్తాను కదా. నువ్వు హాల్లో కూర్చుని ఉండగానే నీ గురించి మాట్లాడుకుంటారు. "పాపం, దాని బతుకు అలా అయిపోయింది" అని నీ మొహం మీదే అంటారు. నువ్వు నవ్వుతావు. అమ్మ నీకు కాఫీ ఇచ్చేటప్పుడు పిల్లలకి ఇచ్చినట్టు రెండు చేతులూ పట్టుకుని మరీ ఇస్తుంది. నాన్న ఫ్రెండ్స్ వస్తే నిన్ను లోపలికి పంపుతారు. ఒకసారి అక్క నీ వెనకాల నిలబడి ఏదో కూసింది, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది కూడా నిజమే, రాస్తున్నా. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇప్పుడు నాకు పొగరు అంటారు. అననీ. పొగరున్నదంటే కొంచెం భయపడతారు, దారి ఇస్తారు. మూడేళ్ళు కష్టపడి సంపాదించుకున్నా ఆ పేరు. పలకరించకుండా వెళ్తే పొగరు, గ్లాసు తన్నేస్తే పొగరు, అక్కతో సినిమాకి రానంటే పొగరు. హాల్లో లైట్లు తీసేశాక సీటు ఎక్కడుందో తెలీదని ఎవరికీ తెలీదు. పొగరు అంటే బతుకుతాను అత్తా. పాపం అంటే చచ్చిపోతాను.

పుట్టినరోజున నిన్ను చూడలేదు. ఆ వరండాలో ఏమీ కనబడలేదు. చూసే మాట్లాడలేదని అబద్ధం రాశాను. అది రాయడమే ఈజీ అనిపించింది.

నువ్వు ఎవరికైనా చెప్తే తొట్టి నీళ్ళన్నీ పారబోస్తా. సీరియస్‌గా చెప్తున్నా.

మహారాణి


ఆగస్టు 11

మహారాణీ,

తొట్టి పారబోస్తావా? పారబొయ్యి. ముందు బకెట్టు ఎక్కడుందో వెతుక్కో.

పాపం అంటారని నాకు తెలీదనుకున్నావా? ఆ మాట పెదాల మీద ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. రెండు పెదాలూ మూడుసార్లు కలిసి మూసుకుంటాయి. దూరం నుంచి కూడా పట్టేస్తాను. మీ నాన్న ఫ్రెండ్స్ వస్తే నేను లోపలికి వెళ్ళేది ఎవరో పంపితే కాదు, వాళ్ళ మొహాలు చూళ్ళేక. మీ అక్క నా వెనకాల కూసిందీ తెలుసు, ఎదురుగా అల్మరా అద్దముంది. నువ్వు నవ్వడం కూడా చూశాను. నవ్వుతూ తలుపుకి గుద్దుకున్నావు. అప్పుడు నాకు సంతోషమేసింది. ఇప్పుడు వెయ్యట్లేదు.

పాపం అన్నవాళ్ళెవరూ నన్ను చంపలేదు. మెట్లు అలా కాదు. ఏడు మెట్ల తర్వాత పద్నాలుగు ఉంటాయి.

నేను చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పాలి. సెప్టెంబరు 5, శనివారం మీ ఊళ్ళో కళ్ళ డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాల్లో నా తొట్టి కడగాలి. నెలనెలా వచ్చే పనే. పది గంటలకి అక్కడుంటాను, నీ పేరు డాక్టరమ్మ దగ్గర రాయించాను. మీ అమ్మతో వస్తావో, మీ నాన్నతో వస్తావో నీ ఇష్టం. ఆ రోజుకీ నువ్వు నోరు విప్పకపోతే నేను మీ ఇంటికొచ్చి విప్పుతాను. నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలీదు, కాబట్టి వీధి చివరిదాకా వినబడుతుంది.

ఈలోగా ఆ మెట్లు దిగకు. లైటు ఏడు గంటలే.

చెయ్యి ఊపి పలకరించడం మానేసిన
అత్త


సెప్టెంబరు 13

అత్తా,

ఆ శనివారం నువ్వు నిచ్చెన మీద తొట్టిలో తల పెట్టి ఉన్నావు, నేను డాక్టర్ గదిలో ఉన్నాను, తర్వాత అమ్మ నీ భుజం మీద పడి ఏడుస్తూ నిన్ను మాట్లాడనివ్వలేదు. నువ్వేమో అమ్మ వీపు మీదుగా నా వంక చూసి "నీళ్ళు తొణుకుతాయి, జరగండి" అన్నావు. హాలంతా ఉలిక్కిపడింది. నీ గొంతు నిజంగానే పెద్దది. కాబట్టి అప్పుడు చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నా.

అమ్మకి ఎలా చెప్పానో నీకు తెలియాలిగా. స్పీచ్ రెడీ చేసుకున్నాను, ఇంగ్లీషులో, పాయింట్ల వారీగా. అదేం అక్కర్లేకపోయింది. దానికి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం వంటింట్లో కింద పెట్టిన పాలగిన్నెని తన్నేశాను. పాలన్నీ గడప దాకా వెళ్ళాయి. అమ్మ రోజూ అడిగే ప్రశ్నే అడిగింది. "ఎదురుగా ఉంది, కళ్ళు కనబడట్లేదా?" మూడేళ్ళుగా రోజుకి పదిసార్లు ఈ ఇంట్లో అందరూ అదే అడుగుతున్నారు. నువ్వు కూడా అడిగావు. నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"కనబడట్లేదమ్మా."

అమ్మ "వెటకారమా?" అంది. కాదన్నాను. ఎడమ చెయ్యి పక్కకి చాపి, ఇక్కడిదాకా కనబడుతుంది, ఇక్కడి నుంచి లేదు అని చూపించాను. అమ్మ స్టవ్ ఆపి ఆ పాలల్లోనే కూర్చుండిపోయింది. పాపం అంటుందేమోనని నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డా. అనలేదు. "మూడేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు కదే దొంగమొహమా, బాస్కెట్‌బాలా, ఫ్యాషనా" అని తిట్టింది, తిట్టింది, తిడుతూనే నా చేతి మీద వాపు ఎక్కడుందో వెతికింది. అంత బాగా ఎవరూ నన్ను తిట్టలేదు.

డాక్టర్ గదిలో ఒక గిన్నె లాంటి మెషీన్‌లో తల పెట్టించారు. చుక్క వెలిగితే బటన్ నొక్కాలి. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. మెషీన్ పాడైంది అని చెప్పబోయాను. అప్పుడు తొట్టి లైటు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నా.

మధ్యలో చూపు బాగుందట, చదువుకోడానికి ఢోకా లేదట. పక్కలది తగ్గిందట. పోయింది రాదట. ఎంత నెమ్మదిగా తగ్గుతుందో ఇంకా టెస్టులు చేసి చెప్తారట. డాక్టరమ్మ చాలా తియ్యగా మాట్లాడింది, నాకు నచ్చలేదు. భయం పోలేదు అత్తా. కానీ దాన్ని దాచే పని పోయింది, అదే పెద్ద పని అని ఇప్పుడు తెలుస్తోంది. అక్క నన్ను మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని దింపుతోంది, ముసలమ్మని దింపినట్టు. వదిలెయ్యమని గిల్లాను. తిరిగి గిల్లింది. ఫర్వాలేదు, ఇది పాపం కాదు.

తొట్టి విషయం. నాచు గోకేశాను. నాకు కనబడని మూలలు అక్క గోకింది, చెత్తగా. లైటు మొక్కలకి ఏడు గంటలు. ఏడు గంటలయ్యాక దాన్ని ఊడదీసి నా టేబుల్ మీద బిగించుకుంటున్నా. ఈ ఉత్తరం దాని కిందే రాస్తున్నా. చెప్పడం ఇష్టం లేదు గానీ, మంచి లైటే. తప్పు దానిది కాదు.

వచ్చే నెల వస్తావు కదా. ఈసారి పక్కన నిలబడి చెయ్యి ఊపకు, నాకు కనబడదు. వెనక నుంచి నేను పిలవను, నీకు వినబడదు. సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడు. నా పెదాలు నీకు కనబడాలి, నీ మొహం నాకు కనబడాలి. అప్పుడు చూద్దాం ఎవరికి పొగరెక్కువో.

నీ ఎదురుగా నిలబడబోయే
మేనకోడలు